రీగి కొండమీది నీలి వెలుగు

రంగుల చిత్రమును గూర్చి రేడియోలో ప్రసంగించుట కొంచెము సాహసమే. సంగీతమును గూర్చి చెప్పవలసివచ్చినచో నడుమ ఒక కీర్తన వినిపింపవచ్చును. నాటకమైనచో రెండు సంభాషణలు చదివింపవచ్చును. నీలిరంగును వినిపించు ఉపాయమేదియు మాకు దొరకలేదు. కావున శ్రోతలే కొంత శ్రమ తీసికొని, మేము మాటలాడుచున్నంతసేపు ఒక కాగితము తమ కన్నులయెదుట నున్నట్లు భావింపవలెను. అది పెద్ద కాగితమేమియు కాదు. ఎత్తు ఇంచుమించు 30 సెంటీమీటర్లు, వెడల్పు 45 సెంటీమీటర్లు. మన యిండ్లలో గోడకు వ్రేలాడు క్యాలెండరును అడ్డముగా త్రిప్పినచో సుమారుగా అంతయే యుండును.

ఆ కాగితముపై నడుమ ఒక కొండ కలదు. కోసుగా ఆకాశమును పొడుచుచుండు శిఖరము కాదది. వెడల్పుగా, బరువుగా, మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న యేనుగువలె నున్నది. కొండయంతయు నీలము. ఆ నీలము పైభాగమున చిక్కగా నుండి, దిగువకు వచ్చుకొలది పలుచబడి, సరస్సును తాకుచోట మంచులో కలిసిపోయినది. కొండ యెక్కడ ముగిసెనో, నీరెక్కడ మొదలయ్యెనో వ్రేలు పెట్టి చూపుట కష్టము. కొండవెనుక ఆకాశము లేతపసుపు చాయతో మేల్కొనుచున్నది. ఆ వెలుగులో ఇంకను ఆరిపోని చుక్క యొకటి మిణుకుమనుచున్నది. అది శుక్రుడు, మనవారు వేగుచుక్క యని పిలుచునది. సరస్సు కదలదు. అయితే ముందుభాగమున, ఆ నిశ్శబ్దమును చెదరగొట్టుచు, కుక్కలు నీటిలోనికి దుమికినవి. నీటిపక్షులు బెదరి రెక్కలు కొట్టుచు లేచుచున్నవి. చిత్రమంతటిలోను తొందరగా జరుగుచున్న పని అదొక్కటే. తక్కినదంతయు తెల్లవారుటకై వేచియున్నది.

ఈ చిత్రము పేరు 'నీలి రీగి'. వ్రాసినవాడు ఆంగ్లేయ చిత్రకారుడు జోసెఫ్ మాలర్డ్ విలియం టర్నర్. వ్రాసిన సంవత్సరము 1842. కొండ స్విట్జర్లండులోనిది, సరస్సు లూసర్న్ పట్టణముచెంత నున్నది.

టర్నర్ 1775లో లండను నగరమున, కావెంట్ గార్డెను పేటలోని ఒక యిరుకు సందులో పుట్టెను. తండ్రి క్షురకుడు, పెట్టుడుజుట్టు టోపీలు తయారుచేయుట కూడ ఆయన వృత్తియే. పిల్లవాడు వ్రాసిన బొమ్మలను తండ్రి తన దుకాణములోనే అమ్మకమునకు పెట్టెడివాడని చెప్పుదురు. పదునాలుగేండ్ల ప్రాయమున, 1789లో, కుఱ్ఱవానికి రాయల్ అకాడమీ పాఠశాలలో ప్రవేశము లభించెను. 1802 నాటికి, ఇరువదియారేండ్లకే, అతడు ఆ అకాడమీలో పూర్తి సభ్యుడయ్యెను. అదే సంవత్సరమున ఇంగ్లండునకు ఫ్రాన్సునకు నడుమ కొద్దికాలము సంధి కుదురగా, దారులు తెరచుకొన్నవని విని ఎందరో ఆంగ్లేయులు ఐరోపాకు పరుగెత్తిరి. టర్నర్ వారిలో నొకడు. అప్పుడే అతడు ఆల్ప్సు పర్వతములను మొదటిసారి చూచెను. మరుసటి యేడే యుద్ధము మరల రగుల్కొనెను, 1815 వరకు ఆ దారులు మూతబడెను. సంధి ఒక్కయేడు ఆలస్యమై యుండినచో ఆ యువకుని చేతికి ఆల్ప్సు ఎప్పుడు దొరకెడివో మేము ఊహింపలేము.

ఇచట ఒక మాట చెప్పవలసి యున్నది. కొండలనిన మనకు మొదటినుండియు గౌరవము. శిఖరముపై గుడి కట్టుట, మెట్లెక్కి మ్రొక్కు తీర్చుకొనుట మన యింటివాడుక. ఐరోపాలో చాలకాలము సంగతి అట్లుండలేదు. పదునెనిమిదవ శతాబ్దికి పూర్వము ఆల్ప్సు దాటిన ప్రయాణికులలో పెక్కుమందికి ఆ కొండలు దారికి అడ్డుపడిన రాతిగుట్టలు మాత్రమే. పంట పండవు, దొంగల భయము, మంచుచరియల భయము. ఈ చూపు మారుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. 1732లో స్విట్జర్లండు కవియు వైద్యుడును అయిన హాలర్ ఆల్ప్సును గూర్చి ఒక కావ్యమును ప్రకటించెను. 1757లో ఎడ్మండ్ బర్క్ ఒక గ్రంథము వ్రాసి, సుందరమైనది వేరు, మహోన్నతమై భయము గొలుపునది వేరు అని వింగడించి చూపెను. లోయయు జలపాతమును తుపానును మనకు హాని చేయలేనంత దూరములో నున్నచో ఆ భయమే ఒక విధమైన ఆనందమగునని ఆయన వాదము. 1761లో రూసో నవల లెమాన్ సరస్సుతీరమును ఐరోపా యంతటికి పరిచయము చేసెను. అటుపిమ్మట కొండలను చూచుటకై జనులు డబ్బు ఖర్చుపెట్టి బయలుదేరసాగిరి. సాహిత్యములో రొమాంటిక్ ఉద్యమమని, మనవారు కాల్పనికోద్యమమని పిలుచునది ఈ మార్పుతో కూడి పెరిగినదే. మన భావకవులు ఆ యుద్యమమునకు చెందిన ఆంగ్ల కవులను చదివి ఉత్తేజము పొందినవారే కావున ఆ గాలి మనకును క్రొత్త కాదు.

యౌవనములో టర్నర్ వ్రాసిన ఆల్ప్సు చిత్రములు ఈ భయానందమును చూపునవే. రైకెన్‌బాఖ్ జలపాతము, గోథార్డు కనుమలోని అగాధము మొదలైనవి చూచునప్పుడు కాళ్లక్రింద నేల జారినట్లుండును. వానితో పోల్చినచో రీగి ఒక సాధువు. సముద్రమట్టమునకు 1798 మీటర్ల ఎత్తు. మన తూర్పు కనుమలలోని మిక్కిలి యెత్తైన శిఖరములకంటె కొలదిమాత్రమే అధికము. సరస్సు మట్టమే 434 మీటర్లుండుటచే నీటిపైనుండి కొండయెత్తు 1360 మీటర్లకు కొంచెము మించును. ఆల్ప్సులో దీనిని మించినవి ఎన్నో కలవు. అయినను చుట్టును నీరు, ఎదుట పట్టణము ఉండుటవలన ఒంటరిగా నిలిచి కానవచ్చును. అచటివారు దీనిని కొండలకు రాణియని పిలుతురు. 1837లో ఆ సరస్సుపై పొగయోడ నడచుట మొదలయినది. 1871లో విట్స్‌నౌ గ్రామమునుండి కొండపైకి పండ్లచక్రముల రైలు వేసిరి. ఐరోపాలో కొండనెక్కిన మొదటి రైలు అదియే. టర్నర్ వచ్చునాటికి రైలు లేదు. ఉన్నను అతడు ఎక్కి యుండునని మేము తలపము. అతనికి కావలసినది కొండమీదినుండి చూచుట కాదు, కొండను చూచుట.

1841 మొదలుకొని 1844 వరకు, వరుసగా నాలుగు వేసవులు, టర్నర్ స్విట్జర్లండునకు పోయెను. అప్పటి కతని ప్రాయము అరువదియారేండ్లు. సరస్సు ఒడ్డుననున్న సత్రమున దిగి, కిటికీలోనుండియు తీరమునుండియు రీగిని చూచుచు, సన్నని పుస్తకములలో త్వరత్వరగా రంగులు పూసికొనుచు కాలము గడపెను. కొండ ఆకారము మారదు, మారునదెల్ల వెలుగు. అదే కొండను ఉదయము, సంధ్య, మేఘము, వెన్నెల అను భేదములతో మరల మరల వ్రాసెను. ఒక్క వస్తువును వేర్వేరు వేళల వరుసగా వ్రాయు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దాంతమున ఫ్రాన్సులో క్లోద్ మోనే చేతిలో ప్రసిద్ధికెక్కినది. ముసలి టర్నర్ ఆ పని అర్ధశతాబ్దికి ముందే సత్రపు కిటికీచెంత కూర్చుండి చేసెను.

ఇంటికి వచ్చిన తరువాత ఆ చిత్తుచిత్రములనుండి పెద్ద చిత్రములు వ్రాసెను. 1842లో వెలువడినవానిలో రీగివి మూడు. ఒకటి తెల్లవారుజామున మంచుతో కూడిన 'చీకటి రీగి'. రెండవది మేము చెప్పుచున్న 'నీలి రీగి'. మూడవది సాయంకాలపు 'ఎఱ్ఱ రీగి'. ఉదయము నీలము, సాయంకాలము ఎఱుపు అగుట చిత్రకారుని యిష్టప్రకారము జరిగినది కాదు. లూసర్న్ పట్టణమునకు రీగి తూర్పుదిక్కున నున్నది. సూర్యుడు కొండ వెనుకనుండి లేచును. కావున ప్రాతఃకాలమున మనకు కనబడు ముఖము నీడలోనిది. సాయంకాలమున సూర్యుడు పడమట, చూచువాని వీపువైపున, క్రుంకుచుండును. ఆ చివరి కిరణములు తిన్నగా పోయి కొండముఖముపై పడును. ఒక్క కిటికీలోనుండి చూచువానికి ఈ రెండును లభించును, కిటికీ మార్చనక్కరలేదు.

నీడలో నున్న కొండ నల్లగా నుండవలెను గదా, నీలముగా నేల యుండును అని శ్రోత లడుగవచ్చును. కొండకును మన కంటికిని నడుమ అనేక కిలోమీటర్ల గాలి యున్నది. ఆ గాలిలోని అణువులు తమమీద పడిన వెలుగును నలువైపులకు చిమ్ముచుండును. అన్ని రంగులను సమానముగా చిమ్మవు. పొట్టి అలలుగల నీలపు వెలుగును, పొడవు అలలుగల ఎఱ్ఱని వెలుగుకంటె నాలుగురెట్లకు పైగా చిమ్మును. కొండనుండి వెలుగు రాకున్నను, కొండకు మనకు నడుమనున్న గాలి తన నీలమును మన కంటికి పంపుచునే యుండును. నల్లని తెరముందు ధూపపు పొగ నీలిగా తోచుట ఇంచుమించు ఇటువంటిదే. సాయంకాలమున సంగతి తలక్రిందులగును. వాలిన సూర్యుని కిరణము చాలదూరము గాలిలో ప్రయాణము చేయుటచే దారిలోనే తన నీలమును పోగొట్టుకొనును. మిగిలిన ఎఱుపు, పసుపు కొండను చేరును. ఉదయము మనము చూచిన నీలమును, సాయంకాలము కొండ కోల్పోయిన నీలమును ఒక్క కారణముచేతనే కలుగుచున్నవి.

ఈ లెక్కను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు రేలీ 1871లో నిరూపించెను. అప్పటికి టర్నర్ మరణించి ఇంచుమించు ఇరువదియేండ్లయ్యెను. శాస్త్రము చెప్పకమునుపే కన్ను చూచినది, చేయి వ్రాసినది. అంతకు ముందు జెనీవా పండితుడు సొస్యూర్ ఆకాశపు నీలమును కొలుచుటకై యాభైకి పైగా నీలపు చాయలను అట్టపై గుండ్రముగా అతికించి ఒక సాధనమును చేసి, దానిని ఆల్ప్సు శిఖరములకు మోసికొనిపోయెను. రంగునకు కొలబద్ద కట్టిన ఆ మనిషిని తలచినప్పుడెల్ల మాకు ముచ్చటగా నుండును.

నీటి నీలము మాట వేరు. సముద్రము నీలముగా నుండుట ఆకాశపు ప్రతిబింబమువలననే యని రేలీ తలచెను. 1921లో ఇంగ్లండునుండి ఓడలో తిరిగివచ్చుచు మధ్యధరా సముద్రపు రంగును చూచిన సి. వి. రామన్‌కు ఆ మాట నమ్మదగినదిగా తోచలేదు. చిన్న పట్టకము నొకదానిని కంటికి పెట్టుకొని, నీటిమీదినుండి ప్రతిఫలించు ఆకాశపు వెలుగును తొలగించి చూచెను, నీలము పోలేదు. నీటి అణువులే వెలుగును చిమ్ముచున్నవని 1922లో ఆయన ప్రకటించెను. నీరు ఎఱ్ఱని వెలుగును కొంత మ్రింగివేయుట కూడ ఆ రంగునకు కారణమే. ఆ విచారణయే పెరిగి పెద్దదై 1930లో ఆయనకు నోబెల్ బహుమానమును తెచ్చినది. ఆయన బాల్యము, పాఠశాల చదువు విశాఖపట్టణములో గడచినవి. ఆయన తండ్రి అచటి కళాశాలలో ఉపాధ్యాయుడు. డాల్ఫిన్స్ నోస్ కొండయు సముద్రమును ఒక్క చూపులో కనబడు ఊరది. నీలమును గూర్చిన ప్రశ్న ఆ తీరముననే పుట్టినదని చెప్పుటకు మాకు ఆధారము లేదు. ఆ తీరమున పెరిగిన కన్ను అది యని మాత్రము గర్వముగా చెప్పుకొందుము.

ఇక చిత్రము వ్రాసిన పద్ధతి. తైలవర్ణ చిత్రములో తెలుపు కావలసినచో తెల్లరంగు పూయవచ్చును. తప్పు జరిగినచో దానిమీదనే మరియొక రంగు పట్టించి దిద్దవచ్చును. నీటిరంగుల చిత్రమునకు ఆ సౌకర్యము లేదు. రంగు పలుచని తెరవంటిది. వెలుగు ఆ తెరలోనుండి లోనికి పోయి, అడుగుననున్న తెల్లకాగితమును తాకి, మరల తెరలోనుండి పైకి వచ్చును. అనగా చిత్రములోని వెలుగంతయు కాగితముదే. ఎక్కడ వెలుగు కావలెనో అక్కడ కాగితమును కాపాడుకొనవలెను. తెర పైన తెర వేయుచున్నకొలది రంగు లోతగును. కాని ఒక తెర పూర్తిగా ఆరకముందే రెండవది వేసినచో బురదయగును. ముగ్గుపిండితో నేలమీద గీత గీయునప్పుడు మన ఆడువారికి ఎట్టి నిర్ణయము కావలెనో నీటిరంగు వేయువానికిని అట్టిదే కావలెను. సందేహించిన గీత వెంటనే తెలిసిపోవును.

'నీలి రీగి' లోని కొండ ఇట్టి తెరలతో కట్టినది. ఒకదానిపై నొకటిగా నీలపు పూతలు వేసి, దగ్గరకు పోయి చూచినచో సన్నని కుంచెగీతలు వేలసంఖ్యలో అల్లుకొన్నట్లు చేసెను. వేగుచుక్కను మాత్రము రంగుతో పెట్టలేదు. రంగు ఆరిన పిమ్మట కాగితమును గీకి, లోపలి తెలుపును బయటికి తెచ్చెను. ఆ చుక్క నిజమునకు ఒక గాయము! టర్నర్ తన బొటనవ్రేలి గోరును ఇట్టి పనికై పొడవుగా పెంచెడివాడని చూచినవారు చెప్పిరి. 1818లో యార్క్‌షైరులో ఒక మిత్రుని యింట అతిథిగా నున్నప్పుడు, ఆ యింటి పిల్లవాడు ప్రక్కన కూర్చుండి చూచుచుండగా, తడిరంగును కాగితము నిండ పోసి, గోటితో చీరి, గీకి, పిచ్చివానివలె రుద్దుచు పని మొదలుపెట్టెననియు, మధ్యాహ్న భోజనమునకు లేచునాటికి అందులో ఒక యుద్ధనౌక సర్వాంగములతో నిలిచెననియు ఆ పిల్లవాడు పెద్దవాడై చెప్పెను. తన పనిని ఇతరులు చూచుటకు టర్నర్ సాధారణముగా అంగీకరింపడు గనుక ఈ సాక్ష్యమునకు విలువ కలదు.

ఈ ఆంగ్ల నీటిరంగుల సంప్రదాయము మనకు అపరిచితము కాదు. రాజమహేంద్రవరము ఆర్ట్సు కళాశాలలో ప్రధానాధ్యాపకుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావును, అడివి బాపిరాజును చిత్రలేఖనమునకు ప్రోత్సహించినవా డాయనయే. టర్నర్‌కును మన దేశముతో ఒక చిన్న సంబంధము కలదు. అతడు ఎన్నడును భారతదేశమునకు రాలేదు. అయినను ఒక ఆంగ్ల సైనికాధికారి హిమాలయములలో గీసికొని తెచ్చిన రేఖాచిత్రములను ఆధారముగా చేసికొని కొన్ని నీటిరంగుల చిత్రములు వ్రాసెను. వానిని చెక్కించి 1830 దశాబ్దిలో గ్రంథముగా ప్రచురించిరి. చూడని హిమాలయము కంటె చూచిన రీగి చేతికి లొంగుట సహజము. ఆ పోలికను ఇంతకంటె పెంచము.

1842 సంవత్సరము టర్నర్‌కు చల్లని సంవత్సరము కాదు. ఆ యేడు రాయల్ అకాడమీలో ప్రదర్శించిన మంచుతుపాను చిత్రమును చూచి, ఇది సబ్బునురుగును సున్నపు తేటయు కలిపి పూసినది యని పరిహసించిరి. ముసలివాని కన్ను చెడినదనియు, మతి చెడినదనియు గుసగుసలు పోయిరి. ఆ దినములలోనే అతడు తాను వ్రాసిన స్విట్జర్లండు చిత్తుచిత్రములు 15 తీసికొని, మచ్చునకు పూర్తిచేసిన చిత్రములు 4 వెంట పెట్టుకొని, థామస్ గ్రిఫిత్ అను చిత్రముల దలాలి వద్దకు పోయెను. ఆ నాలుగింటిలో 'నీలి రీగి' యొకటి. చిత్తును చూచి కావలసినది కోరుకొన్నవారికి పెద్ద చిత్రము వ్రాసి యిచ్చునట్లు ఏర్పాటు. మొత్తము 10 చిత్రములని అనుకొనిరి. ఒక్కొక్కటి 80 గినీలని గ్రిఫిత్ ధర చెప్పగా, అంతకంటె ఎక్కువ విలువ చేయవా యని టర్నర్ అడిగెనట. చేయును గాని అంతకు మించి యిచ్చువారు లేరని దలాలి యుత్తరము. దశాబ్దములుగా టర్నర్ చిత్రములను కొనిన ఒక పోషకుడు, ఈ క్రొత్త బాణీ తనకు రుచింపలేదని ఒక్కటియు కొనలేదు. తుదకు 9 చిత్రములకే కొనువారు దొరకిరి. పదియవదానిని దలాలి తన రుసుమునకు బదులుగా తీసికొనెను. ఐరోపా అంతట పేరుపొందిన చిత్రకారునికి అరువదియేడవ యేట ఇది.

'నీలి రీగి' ని కొన్నవాడు ఎల్హానన్ బిక్నెల్. తిమింగిలపు నూనె వర్తకములో ధనవంతుడైన మనిషి. ఆ కాలమున ఆ నూనెతో కూడ దీపములు వెలిగించెడివారు. లండను దీపములకు నూనె పోసిన సొమ్ముతో స్విట్జర్లండు వేకువను కొనెను.

పైవృత్తాంతమును మనకు తెలిపినవాడు జాన్ రస్కిన్. 1842లో అతనికి ఇరువదిమూడేండ్లు. తండ్రి ధనవంతుడే గాని ప్రయాణములో నుండెను. తండ్రి అనుమతి లేక కుమారుడు కొనలేకపోయెను. ఆ నాలుగు మచ్చుచిత్రములలో స్ప్లూగెన్ కనుమ చిత్రము అతని మనస్సును దొంగిలించినది. తండ్రి తిరిగివచ్చులోపల అది మరియొకరికి పోయినది. మరుసటి యేడు, 1843లో, రస్కిన్ టర్నర్‌ను సమర్థించుచు 'మోడరన్ పెయింటర్స్' మొదటి సంపుటమును వెలువరించెను. లోకము టర్నర్‌ను చూచు తీరును మార్చినది ఆ గ్రంథమే. అయినను ఆ కనుమ చిత్రముమీది కోరిక చావలేదు. 1878లో రస్కిన్ తీవ్రమైన మానసిక వ్యాధిచే బాధపడి కోలుకొనుచుండగా, మిత్రులు చందాలు ప్రోగుచేసి వేయి గినీలు పెట్టి ఆ చిత్రమును కొని అతని కిచ్చిరి. ముప్పదియారేండ్ల యెడబాటు అది. ఆ సంవత్సరముననే అతడు ఈ వృత్తాంతమంతయు వ్రాసెను. అంతకాలము తరువాత వ్రాసినది కావున చిన్నచిన్న వివరములలో జ్ఞాపకము తొట్రుపడి యుండవచ్చును.

టర్నర్ 1851 డిసెంబరులో మరణించెను. అతని స్వాధీనములో మిగిలిన చిత్రములన్నియు, చిత్తుకాగితములతో కూడ వేలకొలది, బ్రిటిష్ జాతిపరమయ్యెను. కాని అమ్ముడుపోయిన చిత్రములు ఆ నిధిలో చేరవు. 'నీలి రీగి' చేతులు మారుచు సొంత యిండ్లలోనే యుండిపోయెను. 'ఎఱ్ఱ రీగి' 1947లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ చిత్రశాలకు చేరెను. 'చీకటి రీగి' సొంతదారుల యొద్దనే యుండెను.

2006 జూన్‌లో లండనులో 'నీలి రీగి' వేలమునకు వచ్చి 58 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయెను. 84 పౌండ్ల వస్తువు అది! బ్రిటిష్ నీటిరంగుల చిత్రమునకు అంతవరకు అంతటి ధర పలికి యుండలేదు. కొన్నవారు దానిని దేశము దాటించుటకు అనుమతి కోరిరి. ప్రభుత్వము ఆ అనుమతిని కొంతకాలము నిలిపి, ఆ లోపల దేశములోని చిత్రశాల ఏదేని సమానమైన ధర యిచ్చుకొనగలిగినచో కొనవచ్చునని గడువిచ్చెను. గడువు 2007 మార్చి. పన్నుల వెసులుబాటు పోగా టేట్ చిత్రశాల కూర్చుకొనవలసినది 49 లక్షల 50 వేల పౌండ్లు.

చిత్రశాల తన నిధిలోనుండి 20 లక్షలు తీసెను. వారసత్వ సంపదను కాపాడు జాతీయ నిధి 19 లక్షల 50 వేలిచ్చెను. ఆర్ట్ ఫండ్ అను సంస్థ 5 లక్షలిచ్చెను. ఇంకను 5 లక్షలు కొరత. అప్పుడొక ఉపాయము పన్నిరి. చిత్రమును చిన్న చిన్న ముక్కలుగా విభజించి చూపి, ఒక్కొక్క కుంచెగీత 5 పౌండ్లకు అమ్మకమునకు పెట్టిరి. కొన్నవానికి చేతికేమియు రాదు. ఆ గీతను కాపాడితినను తృప్తి మాత్రమే. నక్షత్రపు ముక్కను కోరుకొన్నవారు, పక్షి రెక్కను కోరుకొన్నవారు, కేవలము నీలపు పూత చాలునన్నవారు. అయిదు వారములలో 5 లక్షల పౌండ్లకు పైగా వచ్చెను. మన గ్రామములలో గుడి గోపురమునకు ఇటుకకు ఇంతయని చందా వ్రాయించుట ఎరిగినవారికి ఇందులో వింత తోచదు. గడువులోపల చిత్రము టేట్ సొంతమయ్యెను.

ఆ యేడే మూడు రీగి చిత్రములను ఒక్కచోట చేర్చి చూపిరి. టర్నర్ చేతినుండి విడివడిన తరువాత అవి మూడును ఒక్క గోడపై ప్రక్కప్రక్కన నిలుచుట అదే మొదటిసారి. మెల్‌బోర్న్‌నుండి ఎఱ్ఱది సముద్రములు దాటి వచ్చెను. చూడబోయినవారికి తెల్లవారుజామునుండి సాయంకాలమువరకు నాలుగడుగులలో గడచి యుండును.

నేడు లండనుకు పోవు మనవారు చాలమంది కలరు. చదువుకై, ఉద్యోగమునకై పోయి స్థిరపడినవారును కలరు. వారిలో ఎవరైన ఈ ప్రసంగము విని టేట్ చిత్రశాలకు పోయినచో 'నీలి రీగి' గోడపై కనబడకపోవచ్చును. నీటిరంగులకు వెలుగే శత్రువు. తైలవర్ణములవలె ఏండ్లతరబడి వెలుతురులో వ్రేలాడదీసినచో ఆ పలుచని తెరలు వెలిసిపోవును. మొదట సున్నితమైన రంగులు పోవును, పిదప కాగితము పసుపెక్కును. అందుచే ఇట్టి చిత్రములను కొన్నిమాసములు మాత్రమే, అదియును మసకవెలుతురులో, ప్రదర్శింతురు. తక్కిన కాలమంతయు చీకటిపెట్టెలో పరుండబెట్టుదురు. చూడగోరువారు ముందుగా వ్రాసికొని, దినమును గంటయు కుదుర్చుకొని, చిత్రముల గదికి పోయినచో ఉద్యోగి పెట్టెను తెచ్చి బల్లపై నుంచి, మూత తీసి చూపును.